గొట్టం వెంట గురజాల దాకా

జూన్ నెలలో ఒక శనివారం పొద్దున, నరసరావుపేటలో సముద్రం ఉందని మా ఆఫీసు కంప్యూటరు చెప్పింది.

నేను విశాఖపట్నంలో ఉంటాను. సముద్రాన్ని కొలిచే యంత్రాలను బాగుచేయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆ యంత్రాల్లో ఫ్లోటు అని ఒకటుంటుంది. పసుపుపచ్చని గొట్టం, నా భుజమంత ఎత్తు, నెత్తిన యాంటెన్నా, అడుగున రబ్బరు తిత్తి. తిత్తిలోకి నూనె తోసుకుంటే అది ఉబ్బి గొట్టం పైకి తేలుతుంది. నూనెను వెనక్కి లాక్కుంటే మునుగుతుంది. బంగాళాఖాతంలో వదిలితే చాలు, రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, పదిరోజులకొకసారి పైకి వస్తూ, దారి పొడవునా నీళ్లలో ఎంత వేడి ఉందో ఎంత ఉప్పు ఉందో కొలుచుకుని, ఆ సంగతి ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునిగిపోతుంది. ఎవరూ చూడరు, ఎవరూ మెచ్చుకోరు. లోకంలోని సముద్రాలన్నిట్లో ఇలాంటివి వేలల్లో తిరుగుతున్నాయి. అవి చెప్పే వేడినీ ఉప్పునూ బట్టే వానాకాలం ఎలా ఉంటుందో, తుఫాను ఎంత బలపడుతుందో పెద్ద చదువులవాళ్లు లెక్క కడతారు.

వాటిలో ఒకటి తీరానికి కొట్టుకొచ్చింది. ఒడ్డున పడ్డ గొట్టం రోజుకొకసారి తన చిరునామా పంపుతుంది. శుక్రవారం బాపట్ల వైపు ఇసుకలో ఉన్నానంది. శనివారం నరసరావుపేటలో ఉన్నాననీ, ఇక్కడి సముద్రం నలభై నాలుగు డిగ్రీల వేడిగా ఉందనీ, ఉప్పు అస్సలు లేదనీ చెప్పింది. ఆదివారం పిడుగురాళ్ల అంది. ఆ తర్వాత నోరు మూసుకుంది.

"మన సముద్రం లారీ ఎక్కినట్టుంది రత్నంగారూ, వెళ్లి దింపుకు రండి" అన్నారు మా సెక్షన్ హెడ్డు మూర్తిగారు.

నవ్వుతూ అన్నారు కానీ ఇద్దరికీ లోపల భయంగానే ఉంది. గొట్టం కడుపులో లిథియం బ్యాటరీలుంటాయి. పాత ఇనుమనుకుని ఎవరైనా కోస్తే పేలిపోవచ్చు. అయినా నా టూరు కాగితం మీద సంతకాలయ్యేసరికి వారం గడిచింది. ఫారంలో 'ఓడ పేరు' అన్న గడి ఖాళీగా ఉందని రెండుసార్లు వెనక్కి తిప్పారు. మూడోసారి విసుగొచ్చి 'కారు' అని రాశాను. వెంటనే ఆమోదించారు.

నరసరావుపేట

సోమవారం మధ్యాహ్నం రైలు దిగాను. మా ఊళ్లో ఎండ తడిగుడ్డలా ఒంటికి అతుక్కుంటుంది. నేల వేడెక్కగానే నీళ్ల మీది చల్లగాలి ఊళ్లోకి వస్తుంది కాబట్టి సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది. ఇక్కడికి ఆ గాలి రాదు. దారిలో ఎక్కడో దానికే వడదెబ్బ తగిలి ఉంటుంది. చెమట పట్టినట్టు తెలిసేలోపే ఆరిపోతోంది. జేబురుమాలు తీసి తుడుచుకోబోతే తుడవడానికేమీ లేదు.

స్టేషను ఎదుట మెస్సులో భోజనం నూట ఇరవై. గోంగూర పచ్చడి మొదటి ముద్దకే నా కళ్లలోంచి ఉప్పునీళ్లు వచ్చాయి. చేప ఉందా అని అడిగాను. చెరువు చేప ఉందన్నాడు వడ్డించే పెద్దాయన. సముద్రం చేప లేదా అన్నాను.

"సముద్రం చేపకి ఉప్పెయ్యక్కర్లేదంటగా?" అన్నాడు.

"అదేం లేదండీ. నీళ్లు ఉప్పగా ఉంటాయి కానీ చేప కండ ఉప్పగా ఉండదు."

"మరి లోపలికి ఉప్పెక్కకుండా ఎట్టా ఆపుకుంటదమ్మా?"

నాకు తెలియదు. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న తట్టలేదు. సముద్రం ఆఫీసులోనే పనిచేస్తాను కానీ తెలియదని చెప్పాను. సముద్రం ఆఫీసంటున్నారు గదా అని నన్ను జాలిగా చూసి ఇంకో గరిటె గోంగూర వేశాడు.

కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు ఖాదర్. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, అడిగిన వాటికే కాక అడగని వాటికీ జవాబు చెప్పే స్వభావం. ఫోన్లో గొట్టం ఫొటో చూపిస్తే, "పేటలో పాత సామాను కొట్లన్నీ నాకు తెలుసు మేడం" అని పొద్దుగూకేదాకా తిప్పాడు. ప్రతి కొట్లోనూ ఒక గొట్టం తెచ్చి చూపించారు. బోరు గొట్టం, పొగగొట్టం, ఒక పాడైపోయిన గీజరు. "ఇది గూడా నీళ్లదే, తీసుకోండి, తక్కువకిస్తా" అన్నాడు గీజరాయన. చివరి కొట్టతను మాత్రం ఫొటో చూడగానే గుర్తుపట్టాడు. ఖాళీ సున్నం లారీ మీద కట్టుకొచ్చారనీ, తను కొంటానంటే డ్రైవరు అమ్మనన్నాడనీ చెప్పాడు. ఆ డ్రైవరు పేరు మల్లయ్య. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం తోలతాడట.

"కొని ఉంటే ఏం చేసేవారు?" అని అడిగాను.

"మధ్యకి కోసి చూసేవాణ్ణి. లోపల రాగి ఉందేమోనని."

మల్లయ్యకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పిడుగురాళ్ల

ఊరు మొదలైనట్టు బోర్డు చూసి తెలుసుకోనక్కర్లేదు. చెట్లు, కుక్కలు, టీ కొట్టు బల్ల, ఆ బల్ల మీది పేపరు చదువుతున్న మనిషి మీసం, అన్నీ ఒకే తెలుపు. లారీల మధ్యలోంచి ఖాదర్ కారును దూర్చి గొట్టం ఆఖరిసారి మాట్లాడిన బట్టీ దగ్గర ఆపాడు.

"సముద్రం ఆఫీసరు మేడం" అని నన్ను పరిచయం చేశాడు. వద్దన్నా వినలేదు.

అక్కడి మేస్త్రీ సాంబయ్య. గొట్టం సంగతి అడగ్గానే తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు మా పానం పోయిందనుకో అమ్మా. మల్లయ్య దాన్ని తెచ్చి బట్టీ గోడకి ఆనించి టీకి పోయాడు. ఎండ ఒకపక్క, బట్టీ సెగ ఒకపక్క. దాని మీద ఇంగిలీషులో ఎర్రక్షరాలు. బాంబేమోనని నలుగురం తడిగోనెలు చుట్టి మోసకపోయి చెట్టు కింద పెట్టాం."

ఎర్రక్షరాల్లో ఉన్నది 'వేడికి దూరంగా ఉంచండి' అనే. వాళ్లు చదవలేకపోయినా చేయాల్సింది సరిగ్గా చేశారు. బ్యాటరీల సంగతి చెబితే సాంబయ్య అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని టీ తెప్పించాడు.

మల్లయ్య దాన్ని తన అక్కకు చూపిస్తానని గురజాల అవతల ఆమె ఊరికి తీసుకెళ్లాడట. ఏ ఊరో సాంబయ్యకు తెలియదు. ఫోను చేస్తే మల్లయ్య ఒడిశాలో లోడుతో ఉన్నాడని ఎవరో ఎత్తి చెప్పి పెట్టేశారు. చేసేదేమీ లేక కూర్చుని మాటల్లో పడ్డాం. ఈ గొట్టం దేనికమ్మా అని అడిగాడు. సముద్రంలో వేడి ఎంత నిలవుందో కొలుస్తుందన్నాను.

"వేడి నిలవుంటదా?"

"మీ బట్టీ ఆర్పేశాక రాయి ఎన్నాళ్లు వేడిగా ఉంటుంది?"

"మూడు నాలుగు రోజులు చెయ్యి పెట్టలేం."

"సముద్రం నెలల తరబడి దాచుకుంటుంది. దాచుకున్నది నెమ్మదిగా గాలికి వదులుతుంది. ఆ గాలే తేమ మోసుకుని మన మీదికి వస్తుంది."

సాంబయ్య లేచి, కాల్చిన సున్నపురాయి ముద్ద ఒకటి తెచ్చి నా ముందు పెట్టి చెంబుడు నీళ్లు పోశాడు. అది బుసకొట్టి, పగిలి, పొగలు కక్కుతూ ఉడికింది. "నీళ్లు పోస్తే వేడెక్కేది మా కాడా ఉంది" అన్నాడు గర్వంగా. నా చీర అంచు మీద పడిన చుక్కలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

వాళ్ల మర్యాదకు బదులుగా నేనూ ఒక మంచి మాట చెబుదామనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఈ సున్నపురాయి అంతా కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడే ఉన్న సముద్రం అడుగున పేరుకున్నదని చెప్పాను.

"అయితే గొట్టం పుట్టింటికొచ్చిందన్నమాట" అన్నాడు సాంబయ్య.

అందరూ నవ్వారు. సంచులు కుడుతున్న ఒకావిడ మాత్రం నవ్వకుండా, "మళ్లా వచ్చుద్దా అమ్మా సముద్రం?" అంది. ఏమో, రాదని ఎవరు చెప్పగలరు అన్నాను. సరదాకే అన్నాను.

గురజాల

బుధవారం పొద్దున లాడ్జీలో ఇడ్లీ తింటుండగా మూర్తిగారి ఫోను. గొంతులో ఆత్రం. "గొట్టం మాట్లాడింది రత్నంగారూ! గురజాల దాటాక మాచర్ల వైపు పొలాల్లో ఉంది. వేడి ముప్పై ఒకటి. ఇంకో విషయం, ఉప్పు ఉంది. మన సముద్రమంత లేదు కానీ ఉంది. అక్కడ ఉప్పునీళ్లేమిటండీ?"

అంటే గొట్టం నీళ్లలో ఉంది. ఎవరూ కోయలేదు. ఆ ఆనందంలో ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పాను.

గురజాలలో టీ కోసం ఆగాం. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన బండి ఆపి నేరుగా నా దగ్గరకు వచ్చాడు. "నమస్కారం మేడం. మాకు డొంక పక్కన రెండెకరాలుంది. బీచి ఎటు పక్కన వస్తది?"

"ఏ బీచి?"

"దాచమాకండి మేడం. పిడుగురాళ్లలో మీరే చెప్పారంటగా. సముద్రం తిరిగొస్తందని."

నేను చెప్పింది కోట్ల ఏళ్ల నాటి సంగతని వివరించబోయాను. ఆయన తల ఊపుతూ విన్నాడు కానీ ఆ ఊపులో నమ్మకం లేదు. ఖాదర్ కలగజేసుకుని, "ఇంకా సర్వే కాలేదు సార్" అన్నాడు. అప్పుడు ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు.

"ఎందుకలా చెప్పావు?" అని కోప్పడ్డాను.

"లేదంటే నమ్మరు మేడం. కాలేదంటే నమ్ముతారు."

టీ తాగి లేచేసరికి మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకాయన చేపల చెరువుకు అనుమతి ఉంటుందా అని. రెండో ఆయన కూతురి పెళ్లి వచ్చే మాఘంలో పెట్టుకుంటే అప్పటికి ఉప్పుగాలి ఇబ్బంది లేదు కదా అని.

కోటమ్మగారి తొట్టి

ఆ ఊరి పేరు రాయను. వాళ్లే వద్దన్నారు.

ఊరి బయట ఒక ఇల్లు, పక్కన బోరు, బోరు కింద ఛాతీ లోతు సిమెంటు తొట్టి. ఆ తొట్టిలో మా గొట్టం నిటారుగా నిలబడి ఉంది. యాంటెన్నాకు నిమ్మకాయ, మిరపకాయల దండ. ఒక గేదె దాని పక్కనుంచే మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. ఇరవై రెండేళ్లలో ఎన్నో చోట్ల ఫ్లోట్లను చూశాను కానీ ఇంత ప్రశాంతంగా ఉన్నదాన్ని చూడలేదు.

"ఎవరు నువ్వు?" అంటూ వచ్చింది ఒకావిడ. చేతిలో తోమిన ఇత్తడి గంగాళం. ఆమే మల్లయ్య అక్క కోటమ్మ. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దదై ఉంటుంది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. విని, గంగాళాన్ని గొట్టం నెత్తిన బోర్లించింది.

"ఎండకి మాడిపోద్దని రోజూ కప్పుతా. ఇయ్యాల తోముదామని తీశా."

పదిరోజులు గొట్టం ఎందుకు మాట్లాడలేదో అర్థమైంది. ఇత్తడి గంగాళంలోంచి ఏ ఉపగ్రహానికి వినబడుతుంది?

"ఇది మా ఆఫీసుది అక్కా. తీసుకెళ్లాలి" అన్నాను.

"ఇప్పుడు కుదరదు చెల్లెమ్మా. విత్తనాలేసిందాకా ఆగాలి."

సంగతి ఏమిటంటే, గొట్టం వచ్చిన కిందటివారం సోమవారం సాయంత్రం దాని అడుగున ఏదో 'గుర్రు'మని మోగి, నల్లటి తిత్తి బయటికి ఉబ్బింది. అరగంటలో వాన పడింది. పెద్దవాన కాదు, నేల తడిసేంత. కోటమ్మ ఆ రెండిటినీ ముడిపెట్టింది. మళ్లీ ఉబ్బితేనే విత్తాలని పట్టుబట్టింది. ఆమె భర్త వీరయ్యగారు ఆ వానకే పత్తి గింజలు పెట్టేద్దామన్నారు. భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేశారు. ఊరు రెండయింది. ఒకటి గొట్టం పార్టీ, ఒకటి పత్తి పార్టీ. రచ్చబండ దగ్గర ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం లేదట.

వీరయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి" అన్నారు. "గొట్టానికీ వానకీ సంబంధం లేదని ఆమెకి నువ్వన్నా చెప్పు."

"ఉంది, లేదు" అన్నాను.

"అదేందమ్మా?"

తిత్తి ఉబ్బడం దాని అలవాటనీ, పదిరోజులకొకసారి పైకి తేలాలి కాబట్టి ఉబ్బుతుందనీ, నేల మీద పడేసినా ఆ లెక్క తప్పదనీ చెప్పాను. సోమవారానికి పది కలిపితే రేపే. రేపు సాయంత్రం ఐదింటికి ఉబ్బుతుంది, వాన ఉన్నా లేకపోయినా.

వీరయ్యగారి మొహం వెలిగింది. కోటమ్మ మాత్రం, "మరి లేదన్నదేందో చెప్పావు. ఉందన్నదేంది?" అంది.

అది చెప్పడానికి నాకు రెండు గాజు గ్లాసులు కావలసి వచ్చాయి. ఒక గ్లాసులో సగం దాకా ఉప్పు బాగా కలిపి పసుపు వేసిన నీళ్లు పోశాను. దాని మీద మంచినీళ్లు చెంచా అంచు మీదుగా నెమ్మదిగా జారవిడిచాను. రెండూ కలవలేదు. కింద పచ్చగా ఉప్పునీళ్లు, పైన తేటగా మంచినీళ్లు. అప్పటికే చుట్టుపక్కల వాళ్లు చేరారు.

"ఉప్పునీళ్లు బరువు. చల్లనీళ్లు బరువు. బరువైనవి కిందికి, తేలికవి పైకి. సముద్రం లోపల నీళ్లు అలా దిగుతూ, ఎక్కుతూ, దేశాలు దాటి తిరుగుతుంటాయి. వేడిని కూడా మోసుకుని తిరుగుతాయి. మన బంగాళాఖాతం మీద గోదావరి, కృష్ణ, గంగ తెచ్చిపోసిన మంచినీళ్లు ఇట్లా పల్చగా పరుచుకుంటాయి. ఆ పై పొర ఎండకు తొందరగా వేడెక్కుతుంది. కింది చల్లనీళ్లను పైకి రానివ్వదు. ఆ వేడినీళ్ల మీదే మబ్బులు పుడతాయి. తుఫాన్లు బలపడేదీ అక్కడే."

వీరయ్యగారు గ్లాసును కంటి ఎత్తుకు లేపి చూశారు. "అంటే మా కృష్ణ నీళ్లు పోయి మీ సముద్రానికి మూతేస్తన్నయ్యన్నమాట."

"మా కాలవ చివరికి రాని నీళ్లు అక్కడి దాకా మాత్రం పోతన్నయ్యా?" అంది కోటమ్మ.

అప్పటిదాకా వాళ్లకు చెప్పని విషయం ఒకటుంది. ఆ ఏడు పసిఫిక్ సముద్రం వేడెక్కింది. ఎల్ నినో అని టీవీల్లో వస్తూనే ఉంది. అంత పెద్ద నీళ్ల పళ్లెం వేడెక్కితే గాలి పైకి లేచే చోటు అటు జరుగుతుంది. ఇటు మనకు వానలు పల్చబడే అవకాశం ఎక్కువ. ఆఫీసులో అందరం దాన్ని రంగుల పటాల్లో చూసి, టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నవాళ్లమే. ఇక్కడ కోటమ్మ నా మొహంలోకి చూస్తోంది.

"పడుద్దా, పడదా?" అంది.

"ఏ రోజో చెప్పలేను అక్కా. నేను యంత్రాలు బాగుచేసేదాన్ని. కానీ ఈ ఏడు వానకూ వానకూ మధ్య ఎడం ఎక్కువ ఉండొచ్చు. ఖాయంగా కాదు. ఉండొచ్చు."

"నువ్వైతే ఏం పెడతావు?"

"నాకు పొలం లేదు. బాల్కనీలో ఒక కుండీ ఉంది, అందులో మొక్క ఎండిపోయింది."

"ఉంటే?"

తప్పించుకోవడానికి చుట్టూ చూశాను. ఇరవై మంది నన్నే చూస్తున్నారు. "ఒక్క జల్లుకు పత్తి పెట్టను" అన్నాను. "మంచి వాన పడేదాకా ఆగుతాను. పడితే కందిలాంటిది వేస్తాను, ఎండను ఓర్చుకుంటుంది కాబట్టి."

అంతలో వెనక నుంచి ఉమ్మిన చప్పుడు. మామిడిపండు రసమనుకుని ఖాదర్ బంగాళాఖాతాన్ని తాగేశాడు. రెండు పొరలూ కలిపి ఒకే గుక్కలో. నా పాఠం అక్కడితో ముగిసింది.

భోజనానికి నేను తెచ్చుకున్న ఎండు నెత్తళ్ల చేపలు ఇస్తే కోటమ్మ వంకాయతో వండింది. మేము చింతపండు వేస్తాం, ఆమె పండుమిరప కారం వేసింది. మాకన్నా బాగుంది. మా అమ్మకు మాత్రం చెప్పలేదు. తింటూ ఒక విషయం చెప్పాను. మీ బోరు నీళ్లలో ఉప్పుందని మా గొట్టం విశాఖపట్నానికి చెప్పిందని.

"ఆ మాట చెప్పటానికి అంత గొట్టం కావాలా?" అంది కోటమ్మ. "నోట్లో పోసుకుంటే తెలవదూ?"

గురువారం

నాలుగున్నరకే ఊరు ఊరంతా బోరు దగ్గరుంది. పత్తి పార్టీ రోడ్డు వైపు, గొట్టం పార్టీ గేదె వైపు. కోటమ్మ గంగాళం తీసింది. నేను వాచీ చూసుకుంటూ దేవుణ్ణి ప్రార్థించాను, కానీ ఏమని ప్రార్థించాలో నాకే తెలియలేదు. ఉబ్బకపోతే నా యంత్రం పాడైనట్టు. ఉబ్బి వాన పడితే ఈ జన్మకు గొట్టం నా చేతికి రాదు.

ఐదు దాటి రెండు నిమిషాలకు గుర్రుమంది. నీళ్లలో తిత్తి మెల్లగా ఉబ్బింది. గొట్టం జానెడు పైకి లేచి, తేలి, నిలబడింది. గేదె వెనక్కి గెంతింది.

అందరూ తలెత్తి చూశారు. ఆకాశం తుడిచిన పళ్లెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు. ఐదున్నర అయింది, ఆరయింది. పడమర ఎర్రబడింది తప్ప ఒక్క చుక్క రాలలేదు.

"ఏమే," అన్నారు వీరయ్యగారు. పదిరోజుల తర్వాత భార్యతో అన్న మొదటి మాట. "ఉబ్బింది. వానేదీ?"

పత్తి పార్టీ గొల్లున నవ్వింది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఇక వీళ్ల నమ్మకం పోయినట్టే, గొట్టం నాదే.

కోటమ్మ నెమ్మదిగా కొంగు బిగించుకుంది. "వాన రాకపోయినా ఉబ్బుద్దని ఈమె నిన్ననే చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"ఐదింటికని చెప్పింది. ఐదింటికే ఉబ్బిందా లేదా?"

"ఉబ్బింది."

"అయితే ఈమె మాట నిలబడ్డట్టేగా. ఆ ఈమే నిన్న ఇంకో మాట గూడా చెప్పింది. జల్లుకి పత్తి పెట్టమాకమని. ఎడం ఇస్తదని." నా వైపు తిరిగింది. "నీ గొట్టం నువ్వు తీసుకపో చెల్లెమ్మా. నాకు దాంతో పన్లేదు. నీ ఫోను నంబరియ్యి."

"అక్కా, నేను ఉండొచ్చన్నాను, ఖాయమనలేదు" అన్నాను.

"ఈ ఊళ్లో ఖాయమని చెప్పినోళ్లని చానామందిని చూశాంలే" అంది.

తమకున్న నాలుగెకరాల్లో రెండు తను ఆపుకుంటానంది. మిగతా రెండెకరాల్లో మర్నాడే పత్తి పెడతానన్నారు వీరయ్యగారు. అలా వాళ్లింట్లో మళ్లీ మాటలు మొదలయ్యాయి, అన్నీ పోట్లాటలే అయినా.

తిరుగు దారి

గొట్టాన్ని పాత బొంతలో చుట్టి కారెక్కించాం. నిలువునా పట్టక తల కిటికీలోంచి బయటికే ఉంది. గురజాలలో తెల్లచొక్కా ఆయన చెయ్యి ఊపాడు. పిడుగురాళ్ల దాటాక తనిఖీ దగ్గర ఒక కానిస్టేబులు ఆపి, ఇదేంటని అడిగాడు. ఖాదర్ ఏమీ తడుముకోకుండా సముద్రం అన్నాడు. ఆయన బొంత ఎత్తి చూసి, "ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అన్నాడు. "సముద్రానికే" అన్నాను నేను. అది నిజం కాబట్టి ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వెళ్లమన్నాడు.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున కంప్యూటరు తెరవగానే నేను చూసేది సముద్రం కాదు. పల్నాడు మీద మబ్బుందా లేదా అని చూసేదాన్ని. అంతకుముందు నా గొట్టాల లెక్కలు ఎవరికి చేరతాయో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు రెండెకరాల బీడు నా పేరు మీద ఎండుతోంది. వాన పడి, వీరయ్యగారి పత్తి పచ్చగా లేస్తే ఆమెకు ఏం మొహం చూపించను? పడకపోతే సంతోషించాలా?

పద్దెనిమిది రోజులు పడలేదు. బోరు తడికి మొలిచిన పత్తి సాళ్లలోనే వాడిపోయింది. ఒక మధ్యాహ్నం వీరయ్యగారే ఫోను చేశారు, గొంతు తగ్గించి. "అమ్మా, మా ఆవిడకి చెప్పమాక. మళ్లా పత్తే పెట్టనా, కంది పెట్టనా?" కోటమ్మక్కనే అడగమన్నాను. "అదొక్కటీ నా వల్ల కాదు" అని పెట్టేశారు. జులై నడిమధ్యలో మంచి వాన పడింది. నాలుగెకరాల్లోనూ కంది పెట్టారని తర్వాత తెలిసింది. ఆ తర్వాత మళ్లీ ఎడం. నెల దగ్గర పడింది. మొక్కలు తలలు వాల్చాయనీ, ఇంకో వారం చూడాలనీ కోటమ్మ చెప్పింది. ఒక్కసారి కూడా నన్ను మాట అనలేదు. అంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆగస్టు చివర్లో ఆ గొట్టాన్ని బాగుచేసి, తాడు కట్టి, ఒడ్డు కనబడేంత దూరంలోనే పరీక్షకు దింపాం. నీళ్లలో వేసేటప్పుడు తనకు చెప్పమని కోటమ్మ అడిగింది. పడవలోంచే ఫోను చేశాను.

"దింపావా?"

"దింపానక్కా."

"మునిగిందా?"

"ఇప్పుడే మునిగింది."

"వేడిగా ఉన్నయ్యా నీళ్లు?"

"ఇరవై తొమ్మిది డిగ్రీలు."

అటునుంచి ఏదో చప్పుడు. మొదట పడవ ఇంజననుకున్నాను, కాదు. రేకుల మీద ఎవరో గింజలు గుమ్మరిస్తున్నట్టు ఒక్కసారిగా హెచ్చింది.

"ఏవయ్యో!" అని అరిచింది కోటమ్మ, నాతో కాదు. "మేడ మీద పప్పు ఆరబోసినాం, తడిసిపోద్ది, లే!"

ఫోను పెట్టేయడం మరిచిపోయి పరుగెత్తింది. నేనూ పెట్టేయలేదు. పడవ ఒడ్డు వైపు తిరిగేదాకా చెవికి ఆనించుకునే కూర్చున్నాను. గేదె అరిచింది, ఎవరో తలుపులు వేశారు, వీరయ్యగారు ఏదో అంటుంటే కోటమ్మ పెద్దగా నవ్వింది.